రేడియో విద్యకు ఇల్లు కట్టిన ఆచార్యుడు శిశిర్ కుమార్ మిత్రా

లోకవార్తను ఇంటికి తెచ్చే సాధనం రేడియో ఒక్కటే అయిన రోజులలో సరిహద్దు గ్రామాలవారికి ఒక అనుభవం సర్వసాధారణం. పగటివేళ మీడియం వేవ్ మీద దగ్గరి కేంద్రం మాత్రమే పలికేది. చీకటి పడి భోజనాలు ముగిసేసరికి అదే పెట్టెలో తమిళం, కన్నడం, ఒడియా, మరాఠీ, ఒక్కొక్కసారి ఏ దేశానిదో తెలియని భాష కూడా ఒకదానిమీద ఒకటిగా వినవచ్చేవి. దానికి కారణం పెట్టెలో లేదు, ఆకాశంలో ఉన్నది. భూమికి సుమారు 60 కిలోమీటర్ల ఎత్తు మొదలుకొని సూర్యకిరణాల తాకిడికి వాయు అణువులు విద్యుదావేశం పొంది, పొరలు పొరలుగా నిలుస్తాయి. ఈ ప్రాంతాన్నే అయనోస్ఫియర్ అంటారు. అందులో అన్నిటికంటె క్రింది పొర పగలు మీడియం వేవ్ తరంగాలను మ్రింగివేస్తుంది. ప్రొద్దు క్రుంకగానే ఆ పొర దాదాపు మాయమవుతుంది. అప్పుడు పై పొరలు తరంగాలను అద్దం వలె తిరిగి భూమికి పంపుతాయి.

ఈ పొరలను మన దేశపు నేల మీద నిలిచి పరిశీలించి, ఆ విద్యను నేర్పడానికి కలకత్తా విశ్వవిద్యాలయంలో ఒక ప్రత్యేక శాఖనే నెలకొల్పిన వ్యక్తి ఆచార్య శిశిర్ కుమార్ మిత్రా.

ఆయన 1890 అక్టోబరు 24న వంగదేశంలో జన్మించారు. తండ్రి జయకృష్ణ పాఠశాల ఉపాధ్యాయుడు. తల్లి శరత్ కుమారి, ఆడపిల్ల బడికి వెళ్ళడమే అరుదైన ఆ కాలంలో, బిడ్డల తల్లిగా ఉండి కూడా కలకత్తాలోని క్యాంబెల్ వైద్య పాఠశాలలో చదివి, బీహారులోని భాగల్పూరు లేడీ డఫరిన్ ఆసుపత్రిలో వైద్యురాలిగా చేరారు. శిశిర్ బాల్యం భాగల్పూరులోనే గడిచింది. తండ్రి మరణించిన పిమ్మట కుటుంబ భారం తల్లి మీదనే పడింది. ఆమె సంపాదనతోనే ఆయన కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాల మెట్లు ఎక్కారు. మిత్రా జీవితాన్ని గురించి చెప్పేవారు రేడియో దగ్గర మొదలుపెట్టడం వాడుక. న్యాయంగా ఈ తల్లి దగ్గర మొదలుపెట్టాలి.

ప్రెసిడెన్సీలో జగదీశ్ చంద్ర బోసు పరికరాలను, ప్రయోగాలను దగ్గరగా చూసే భాగ్యం ఆయనకు కలిగింది. 1912లో ఎం.ఎస్‌సి. పూర్తయింది. పరిశోధన మీద కోరిక ఉన్నా, ఇల్లు గడవాలి కనుక భాగల్పూరులోను, తరువాత బాంకురాలోను కళాశాల అధ్యాపకుడిగా పనిచేశారు. 1916లో సర్ అశుతోష్ ముఖర్జీ కొత్తగా ఏర్పరచిన విశ్వవిద్యాలయ విజ్ఞాన కళాశాలకు ఆయనను పిలిపించారు. అక్కడ సి.వి. రామన్ వద్ద కాంతి వివర్తనం మీద పనిచేసి, 1919లో డి.ఎస్‌సి. పట్టం పొందారు. పిమ్మట పారిస్ వెళ్ళి, చార్లెస్ ఫాబ్రీ వద్ద పరిశోధించి, 1923లో రెండవ డాక్టరేటు సంపాదించారు. కొంతకాలం మేరీ క్యూరీ సంస్థలోను ఉన్నారు. ఇంతవరకు ఆయన మార్గం కాంతిశాస్త్రానిదే.

మలుపు ఫ్రాన్సులోని నాన్సీ పట్టణంలో వచ్చింది. అక్కడ ఆచార్య గుటన్ ప్రయోగశాలలో రేడియో వాల్వుల మీద పని జరుగుతున్నది. గాలి తీసివేసిన చిన్న గాజు బుడ్డి. లోపల ఎర్రగా కాలే తీగ, దానిని చుట్టి జాలి, ఆపైన లోహపు పలక. జాలికి అందించిన బలహీనమైన విద్యుత్ సంకేతం పలకకు చేరే ప్రవాహాన్ని బలంగా ఆడిస్తుంది. దూరపు మాటను దగ్గరగా వినిపించే శక్తి ఈ బుడ్డిదే. ఎలక్ట్రానిక్సు అనే శాస్త్రమంతా అప్పటికి ఇందులోనే ఇమిడి ఉన్నది. మన దేశంలోని ఏ భౌతికశాస్త్ర పాఠ్యప్రణాళికలోను దీనికి తగిన చోటు లేదని మిత్రాకు తెలుసు. నాన్సీ నుండే అశుతోష్ ముఖర్జీకి ఉత్తరం వ్రాసి, ఎం.ఎస్‌సి.లో వైర్‌లెస్‌ను ఒక విషయంగా చేర్చాలని ప్రతిపాదించారు. అశుతోష్ సమ్మతించారు. 1924లో ఆయన కన్నుమూసేనాటికి ఈ పని మొదలైపోయింది. ఉత్తరం ఒక్క ఏడాది ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం.

1923లో ఖైరా ఆచార్యుడిగా తిరిగి వచ్చిన మిత్రా ఒక వైర్‌లెస్ ప్రయోగశాలను ఏర్పరచారు. బొంబాయి, కలకత్తాలలో ప్రసార సంస్థ కేంద్రాలు 1927లో ప్రారంభం కాకముందే, ఈ ప్రయోగశాల నుండి 2సీజెడ్ అనే గుర్తుతో కార్యక్రమాలు వెలువడేవి. చదువుకునే పిల్లలు తాము కట్టిన యంత్రం గొంతు ఊరిలో వినిపించడం చూశారు. విద్య చేతికి అంటడమంటే అదే.

ఇంగ్లండులో ఆపిల్టన్, బార్నెట్ 1924లో అయనోస్ఫియర్ ఉనికిని ప్రయోగపూర్వకంగా నిరూపించారు. అక్కడి ఆకాశం వేరు, భూమధ్యరేఖకు చేరువైన మన ఆకాశం వేరు. 1930లో మిత్రా, ఆయన శిష్యులు కలకత్తా ప్రసార కేంద్రపు తరంగాలనే ఉపయోగించుకొని, సుమారు 100 కిలోమీటర్ల ఎత్తున గల ఈ-పొరకు మన దేశంలో తొలి ప్రయోగ సాక్ష్యం చూపారు. 1933 ఆగస్టు 21న సూర్యగ్రహణం పట్టినప్పుడు, సూర్యకాంతి తగ్గినకొద్దీ పై పొరలు ఎలా మారుతాయో పరిశీలించారు. మన ఇళ్ళలో ఆ వేళకు దర్భలు వేసుకొని తలుపులు మూసుకుంటే, వీరు ఏరియల్ ఎత్తి కూర్చున్నారు. 1935లో ఆయన ఘోష్ ఆచార్య పదవిని అందుకున్నారు.

ఒక ప్రయోగశాలతో దేశానికి చాలదని ఆయనకు ముందే తోచింది. బ్రిటనులో రేడియో పరిశోధనకు ప్రభుత్వ మండలి ఉన్నది, ఇక్కడ లేదు. అటువంటిది కావాలని సంవత్సరాల తరబడి అడుగుతూ వచ్చారు. చివరికి యుద్ధం వచ్చి, విదేశీ సరుకు దిగుమతి కష్టమైన తరువాతనే, 1942లో రేడియో పరిశోధన సంఘం ఏర్పడింది. మిత్రాయే దానికి అధ్యక్షులు. అవసరం మెడ మీదికి వస్తే తప్ప కదలకపోవడం పాలకులకు కొత్త కాదు. 1944-45లో మేఘనాథ్ సాహా, భట్నాగర్ మొదలైనవారితో కలసి శాస్త్రవేత్తల బృందంలో బ్రిటను, అమెరికాలలో పర్యటించి, రాడార్ పుట్టించిన కొత్త విద్యను కన్నులారా చూసి వచ్చారు.

ఇక ఆగడం ఆయన వల్ల కాలేదు. రేడియో భౌతికశాస్త్రంలో ఒక అధ్యాయంగా ఉంటే పిల్లవాడికి సూత్రం వస్తుంది కాని యంత్రం రాదు. కేవలం యంత్రశిక్షణగా ఉంటే యంత్రం వస్తుంది కాని, అది పాతబడిన నాడు కొత్తది కనిపెట్టే తెలివి రాదు. రెండూ ఒకేచోట నేర్పే శాఖ కావాలి. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 1946లో విద్యుత్ కమ్యూనికేషన్ ఇంజనీరింగు శాఖ ఏర్పడింది. అది ఇంజనీరింగు వైపు నుండి నడిచిన దారి. కలకత్తాలో భౌతికశాస్త్రం వైపు నుండి మిత్రా నడిచారు. 1949లో కలకత్తా విశ్వవిద్యాలయంలో రేడియో ఫిజిక్స్, ఎలక్ట్రానిక్స్ శాఖ స్వతంత్రంగా వెలిసింది. వైర్‌లెస్ ఒక పాఠంగా చేరిన నాటి నుండి అది ఒక శాఖగా నిలబడడానికి పాతికేళ్ళు పట్టింది. 1950 దశకంలో నగరానికి దూరంగా హరింఘాటాలో పరిశీలన కేంద్రం కూడా దానికి తోడయింది. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య బి. రామచంద్రరావు అయనోస్ఫియర్ పరిశోధనను నిలబెట్టింది కూడా సుమారుగా ఆ రోజులలోనే.

శాఖ కంటె ముందే ఆయన గ్రంథం లోకానికి చేరింది. దాని పేరు ది అప్పర్ అట్మాస్ఫియర్. పై వాతావరణాన్ని గురించి అంతవరకు తెలిసినదంతా ఒకచోట కూర్చిన ఆరువందలకు పైబడిన పుటల పుస్తకం. ఇది అమ్ముడుపోతుందన్న నమ్మకం ప్రచురణకర్తలకు కలగలేదు. చివరికి 1947లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ దానిని అచ్చువేసింది. 2000 ప్రతులు మూడేళ్ళలో చెల్లిపోయాయి. 1952లో రెండవ కూర్పు, 1955లో రష్యను అనువాదం వెలువడ్డాయి. ఏ దేశాల విద్యను నేర్చుకోవడానికి మనవారు ఓడలెక్కారో, ఆ దేశాలవారే ఈ పుస్తకాన్ని బల్ల మీద పెట్టుకొని చదివారు.

ఆయన చెప్పినదంతా నిలిచిందని అనరాదు. విద్యుత్ ఉత్సర్గం తరువాత నైట్రోజన్ వాయువు కొంతసేపు వెలుగుతూనే ఉండటానికి కారణం చెబుతూ ఆయన ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. తరువాతి ప్రయోగాలకు అది సరిపడలేదు. శాస్త్రంలో అది అవమానం కాదు.

1955లో బరోడాలో జరిగిన భారత విజ్ఞాన కాంగ్రెసుకు ఆయన అధ్యక్షత వహించారు. ఆ ఏడే ఉద్యోగ విరమణ. 1956లో పశ్చిమ బెంగాల్ మాధ్యమిక విద్యామండలి నిర్వహణ బాధ్యతను స్వీకరించారు. ఆకాశపు పొరలను లెక్కించిన పెద్దమనిషి పదవ తరగతి పరీక్షల వ్యవహారం చూడటమేమిటని ఆశ్చర్యపడినవారు లేకపోలేరు. ఒక బడిపంతులు కుమారునికి అది చిన్న పనిగా కనిపించి ఉండదు. 1958లో లండను రాయల్ సొసైటీ సభ్యత్వం, 1962లో పద్మభూషణ్, జాతీయ ఆచార్య పదవి లభించాయి.

1963 ఆగస్టు 13న మిత్రా కలకత్తాలో మరణించారు. అప్పటికే ఆయన శిష్యుడు అశేష్ ప్రసాద్ మిత్రా ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో రేడియో విజ్ఞాన పరిశోధనను నడిపిస్తున్నారు. ఆ సంవత్సరమే నవంబరు 21న కేరళలోని తుంబా సముద్రతీరం నుండి మన దేశపు తొలి రాకెట్టు లేచింది. సోడియం ఆవిరిని వెదజల్లి, పై వాతావరణంలోని గాలుల నడకను తెలుసుకోవడానికే దానిని పంపారు.