ఈ నెల మహనీయుడు: పదవి వదులుకున్న కార్మిక మంత్రి



మీలో కొందరు తెల్లవారకముందే కుప్పంలో రైలెక్కి బెంగళూరు పనికి వెళ్తారు. కొందరు బైరెడ్డిపల్లెలోనే దుకాణమో, నర్సరీయో నడుపుతూ నలుగురికి జీతాలిస్తారు. జీతం తీసుకునేవారికైనా ఇచ్చేవారికైనా వరాహగిరి వేంకటగిరి జీవితం తెలియాలి. మీ పిల్లల జీకే పుస్తకంలో ఆయన రాష్ట్రపతుల జాబితాలో ఒక పేరు, అంతే. అసలు కథ అంతకు ముందుది.

1894 ఆగస్టు 10న బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టారు. 1913లో లా చదవడానికి డబ్లిన్ వెళ్లి, ఐరిష్ స్వాతంత్ర్య ఉద్యమకారులతో కలిసి తిరిగారన్న కారణంగా 1916లో ఆ దేశం విడిచి రావలసి వచ్చింది. వకీలుగా బాగా సంపాదించుకోవచ్చు. కానీ ఆయన మనసు రైల్వే కూలీల వైపు మళ్లింది. బెంగాల్ నాగపూర్ రైల్వేలో, ముఖ్యంగా ఖరగ్‌పూర్‌లో, మన తెలుగువాళ్లు చాలామంది పనిచేసేవారు. 1928లో ఉద్యోగాలు ఊడినవారి కోసం అక్కడ సమ్మె నడిపించారు. చేయి చేసుకోకుండా సాగిన ఆ సమ్మెకు కంపెనీ దిగివచ్చింది.

సమ్మెలు చేయించిన మనిషి కదా, యజమానులంటే పడదనుకుంటారేమో! అదేం కాదు. 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యాక ఆయన పట్టుబట్టింది ఒక్కటే: గొడవ వస్తే ట్రిబ్యునల్‌కు పరుగెత్తకండి, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోండి. ఇంట్లో అన్నదమ్ముల తగువు మీరు తీర్చారనుకోండి. గెలిచినవాడు మురుస్తాడు, ఓడినవాడు పళ్లు నూరుతాడు, రేపు మళ్లీ మొదలు. పద్నాలుగుమంది పిల్లల తండ్రికి ఇది ఒకరు చెప్పాలా? ఫ్యాక్టరీలోనూ అంతే. తీర్పుతో వచ్చిన జీతం కంటే ఒప్పుకుని ఇచ్చిన జీతమే నిలుస్తుందని ఆయన నమ్మకం. ఈ పద్ధతికి గిరి మార్గం అనే పేరే వచ్చింది.

విచిత్రమేమిటంటే, చివరికి ఒక ట్రిబ్యునల్ తీర్పు కోసమే ఆయన పదవి వదులుకున్నారు. 1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాలపై అప్పీలు ట్రిబ్యునల్ తీర్పు చెప్పింది. బ్యాంకులు అంత భారం మోయలేవన్న వాదనతో ప్రభుత్వం దాన్ని మార్చి, ఉద్యోగులకు రావలసినదాంట్లో కోత పెట్టింది. న్యాయం జరుగుతుందని నచ్చజెప్పి ఉద్యోగులను ట్రిబ్యునల్‌కు పంపాక, వచ్చిన తీర్పును పక్కన పెడితే రేపు ఏ గుమాస్తా ఎవరి మాట నమ్ముతాడు? నెహ్రూ అంతటి ప్రధాని మంత్రివర్గంలో ఉండి కూడా ఆయన సర్దుకుపోలేదు. ఆగస్టులో రాజీనామా చేశారు. తర్వాత ప్రభుత్వం ఆ విషయం తేల్చడానికి జస్టిస్ గజేంద్రగడ్కర్ కమిషన్‌ను వేసింది. ఆ సిఫార్సులపై 1955లో పార్లమెంటు చట్టం చేసింది. మీ ఇంట్లో బ్యాంకులో పనిచేసి రిటైరైన తాతగారుంటే అడగండి, ఈ కథ చెబుతారు.

ఆ తర్వాత మూడు రాష్ట్రాలకు గవర్నర్, ఉపరాష్ట్రపతి, 1969 నుంచి 1974 దాకా రాష్ట్రపతి. 1975లో భారతరత్న. 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు ఆయన పేరు పెట్టారు. యూనియన్ నాయకులూ, కంపెనీల మేనేజర్లూ శిక్షణకు అక్కడికే వస్తుంటారు.