శ్రీ కొలచల రంగధామరావు గారు

మన పలాస, టెక్కలి, ఉద్దానపు సీమలు 1936వ సంవత్సరము వఱకు గంజాము జిల్లాలోనివే. ఆ జిల్లాలోని బరంపురమున 1898లో జన్మించిన కొలచల రంగధామరావు గారిని మేము మా సీమవారనియే తలంతుము.

విజయనగరమున ఏ. ఎల్. నారాయణ గారితోను, పిదప లండనులో ఆల్ఫ్రెడ్ ఫౌలరు గారి యొద్దను వీరు వర్ణపటశాస్త్రమును సాధించిరి. పాషాణము మొదలగు మూలపదార్థముల వెలుగును గీతలుగా విడదీసి పరీక్షించుట వీరి విద్య. అనంతరము ఆంధ్ర విశ్వకళాపరిషత్తున, జయపురాధీశ్వరులు విక్రమదేవవర్మ గారి పేర వెలసిన విజ్ఞానకళాశాలలో భౌతికశాస్త్ర పరిశోధనకు పునాది వేసిరి.

ఆ నీడనే రామచంద్రరావు గారు అయనోస్ఫియరు శోధనకు పూనిరి. సూర్యకిరణముల తాకిడిచే విద్యుత్కణములతో నిండి, రేడియో తరంగములను వెనుకకు మరల్చు మీది పొర యిది. ప్రొద్దు గ్రుంకగనే, కేరళ దక్షిణపు కొన దాపున సాగు అయస్కాంత మధ్యరేఖపై ఈ పొర మఱింత పైకి లేచును. దాని యడుగున కణములు త్వరితముగా క్షీణించును. బరువు పైన, తేలిక క్రింద! నూనెపై నీరు పోసినట్లే యగును. అడుగుననున్న పలుచని భాగము బుడగలై పైకెగసి, భూమి అయస్కాంత రేఖల వెంబడి ఉత్తరమునకు వ్యాపించి, ఒక్కొక్క రాత్రి మన తీరపు టాకాశమును కూడ కలచివైచును. అప్పుడు దూరదేశపు రేడియో పాట వణకును. నేడు ఉపగ్రహ సంకేతములచే త్రోవ నెఱుగు పడవలకును చిక్కు కలుగును. ఈ రాత్రి కలతను 1938లో పెరూ దేశపు హువాంకాయోనుండి బుకరు, వెల్సు అనువారు వెల్లడించిరి.

వాల్తేరులో 1950 తరువాత మూడు గ్రాహకయంత్రములను కొలది యెడముగా నిలిపిరి. ఒకే తరంగము మూటియందును హెచ్చి తగ్గు క్షణముల భేదమును గుణించి, మీది కలతలు ఏ దిక్కునకు, ఎంత వేగమున కదలుచున్నవో కనుగొనిరి. 1957-58 అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరమునను ఆ పని సాగెను.

రంగధామరావు గారు స్వయముగా ఈ పొరను శోధించినవారు కారు; పొగడ్త కొఱకు లేనిది కల్పింపము. తమ శాస్త్రమునకే శిష్యులను కట్టివేయు గురువులు లోకమున కొఱత లేదు. వీరి శాఖలో నట్లు కాక, అతిధ్వనులు, అయనోస్ఫియరు వంటి క్రొత్త కొమ్మలు పెరిగినవి. మా మట్టుకు, వారి వర్ణపటముల కన్న ఇదియే గొప్పగా తోచుచున్నది.

వారు 1972లో కీర్తిశేషులైరి. ఉపగ్రహముల సంకేతములు రాత్రివేళ మిణుకుమిణుకు మనుటను వాల్తేరున పరిశీలించుట తరువాతి తరమువారును సాగించిరి.