ముసలితనాన్ని తెరకెక్కించిన ఓజు

ముసలితనం మీద సినిమా అంటే మనకొక లెక్క ఉంది. కన్నవాళ్ళు మంచివాళ్ళు, కొడుకులు చెడ్డవాళ్ళు, కోడళ్ళు మరీ చెడ్డవాళ్ళు. ఆఖరి రీలులో అందరికీ బుద్ధొస్తుంది. మనం కళ్ళు తుడుచుకుని, మనమైతే అలాంటివాళ్ళం కాదులే అనుకుంటూ హాలు బయటికొస్తాం. ఆ ఊరట మనకు దక్కనివ్వని దర్శకుడు ఒకాయన జపాను దేశంలో ఉండేవారు. ఆయనే యసుజిరో ఓజు.

ఓజు 1903 డిసెంబరు 12న టోక్యో నగరంలోని ఫుకగావా పేటలో జన్మించారు. తండ్రి ఎరువుల వ్యాపారి. 1913లో ఆయన పిల్లల్ని తల్లితో సహా మత్సుసాకా అనే ఊరికి పంపించి, తాను వ్యాపారం చూసుకుంటూ టోక్యోలోనే ఉండిపోయారు. కాబట్టి ఓజు బాల్యమంతా తల్లి చెంతనే గడిచింది. చదువు అంతంతమాత్రం, సినిమాల పిచ్చి మాత్రం దండిగా ఉండేది. పై చదువుల ప్రవేశ పరీక్ష తప్పి, ఒక కొండపల్లెలో ఏడాదిపాటు బడిపంతులుగా పనిచేశారు. 1923లో షోచికు సినిమా కంపెనీలో కెమెరా సహాయకుడిగా చేరి, 1927లో మొదటి చిత్రం తీశారు. అక్కడినుంచి మూకీలు, టాకీలు, ఆఖర్న రంగుల చిత్రాలు అన్నీ కలిపి యాభైకి పైగా తీశారు.

1936లో తీసిన ది ఓన్లీ సన్ ఆయన మొదటి పూర్తి టాకీ. అందులో పట్టుదారం మిల్లులో పనిచేసే ఒక విధవరాలు ఒక్కగానొక్క కొడుకును చదివిస్తుంది. ఏళ్ళు గడిచాక, కొడుకు గొప్పవాడై ఉంటాడనుకుని అతన్ని చూడ్డానికి టోక్యో వెళుతుంది. తీరా చూస్తే అతను ఊరి చివర చిన్న ఇంట్లో భార్యాబిడ్డలతో కాపురముంటూ, రాత్రి బడిలో పాఠాలు చెప్పుకుంటున్నాడు. అమ్మకు మర్యాద చెయ్యడానికి అప్పు చేస్తాడు. అతని చదువుకోసం తల్లి ఇల్లూ, మల్బరీ తోటలూ అన్నీ అమ్మేసిన సంగతి అప్పుడు బయటపడుతుంది. తిరిగొచ్చాక మిల్లులో తోటి మనిషితో కొడుకు గొప్పగా ఉన్నాడనే చెబుతుంది. తర్వాత ఒక్కతే పోయి కూర్చుని కుమిలిపోతుంది. సినిమా అక్కడితో అయిపోతుంది. తప్పు కొడుకుదా? కాదు. తల్లిదా? కానే కాదు.

ఓజు తండ్రి 1934లో కాలం చేశారు. 1937లో సైన్యంనుంచి పిలుపొచ్చి ఓజు రెండేళ్ళు చైనా యుద్ధంలో ఉన్నారు. 1943లో మళ్ళీ సింగపూరు పంపితే, 1946లోగాని ఇల్లు చేరలేదు. ఆయన పెళ్ళి చేసుకోలేదు, తల్లితోనే ఉన్నారు. 1952లో ఇద్దరూ కామకురా పట్టణానికి కాపురం మార్చారు. ఆ మరుసటి ఏడాదే, అంటే 1953లో, టోక్యో స్టోరీ వచ్చింది.

కథ చాలా చిన్నది. ఒనోమిచి అనే సముద్రతీరపు ఊళ్ళో ఉండే ముసలి దంపతులు పిల్లల్ని చూద్దామని టోక్యో వస్తారు. పెద్దకొడుకు డాక్టరు. ఊరు చూపిద్దామని అందరూ తయారై కూర్చున్నాక, జబ్బుపడ్డ పిల్లవాణ్ణి చూడాలని కబురొస్తుంది, ప్రయాణం ఆగిపోతుంది. కూతురికి సొంత బ్యూటీ పార్లరుంది, తీరిక లేదు. అన్నాచెల్లెళ్ళిద్దరూ డబ్బు వేసుకుని వాళ్ళను అతామి వేడినీటి బుగ్గలకు పంపిస్తారు. అక్కడ రాత్రంతా గోలగా ఉండి నిద్రపట్టక తిరిగొచ్చేస్తారు. యుద్ధంలో పోయిన కొడుకు భార్య ఒక్కతే ఆఫీసుకు సెలవు పెట్టి, ఊరంతా తిప్పి చూపిస్తుంది. తిరుగు ప్రయాణంలో ముసలామెకు సుస్తీ చేస్తుంది. ఇల్లు చేరాక కన్నుమూస్తుంది. కర్మకాండ భోజనాల దగ్గరే కూతురు అమ్మ బట్టల్లో తనకు కావలసినవి అడుగుతుంది. పెద్దపిల్లలు ఆ సాయంత్రమే రైలెక్కి వెళ్ళిపోతారు. వాళ్ళెవరూ దుర్మార్గులు కారు. వాళ్ళకు పనులున్నాయి, అంతే.

ఓజు, ఆయన రచయిత మిత్రుడు కోగో నోడా కలిసి ఈ కథ రాశారు. 1937 నాటి అమెరికన్ చిత్రం మేక్ వే ఫర్ టుమారో దీనికి ప్రేరణ అంటారు. ముసలాయన వేషం వేసిన చిషూ ర్యూ వయసు అప్పటికి 49 ఏళ్ళే. వంగిన నడుము, నెమ్మదైన మాట, తలాడించడం చూస్తే డెబ్బై ఏళ్ళవాడు కాదంటే నమ్మలేం.

ఓజు పనితనం గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. ఆయన కెమెరా చాప మీద కూర్చున్న మనిషి చూపుకంటే కాస్త కిందనే ఉంటుంది. కటకం దాదాపు ఎప్పుడూ 50 మిల్లీమీటర్లదే. కెమెరా అటూ ఇటూ పరుగెత్తదు. ఇంట్లో ఒక మూల కూర్చున్న పెద్దవాళ్ళు అందరినీ చూస్తుంటారే, అచ్చం అలా చూస్తుంది. 2012లో బ్రిటన్‌లోని సైట్ అండ్ సౌండ్ పత్రిక ప్రపంచ దర్శకుల ఓట్లు సేకరిస్తే, ఈ చిత్రానికే మొదటి స్థానం వచ్చింది.

1962లో ఆఖరి చిత్రం యాన్ ఆటమ్ ఆఫ్టర్‌నూన్ రాస్తుండగా ఓజు తల్లి చనిపోయారు. కూతురికి పెళ్ళి చేసి ఒంటరిగా మిగిలిన తండ్రి కథ అది. మరుసటి ఏడాది ఆయనకు క్యాన్సర్ వచ్చింది. 1963 డిసెంబరు 12న, సరిగ్గా అరవై ఏళ్ళు నిండిన రోజున కన్నుమూశారు. మనకు షష్టిపూర్తి ఎలాగో, అరవై ఏళ్ళ చక్రం పూర్తవడం జపానులోనూ అలాగే పండగ. మన లెక్కన చూస్తే ఆయన పుట్టిందీ, పోయిందీ కూడా శోభకృత్ నామ సంవత్సరంలోనే. ముసలితనాన్ని అంతగా అర్థం చేసుకున్న మనిషి పూర్తి ముసలితనం చూడనేలేదు. కామకురాలో ఆయన సమాధి మీద పేరు లేదు. శూన్యం అని అర్థమిచ్చే ఒక్క అక్షరం మాత్రం చెక్కి ఉంది.

మిత్రులారా! మనలో చాలామంది పల్లెలనుంచి వచ్చినవాళ్ళం. మన ఫీజుల వెనక ఏ అరెకరమో, ఏ పాడిగేదో ఉండే ఉంటుంది. మొన్న సంక్రాంతి ముందు మా నాన్న సంచీలో జంతికలు, వేరుశనక్కాయలు పెట్టుకుని హాస్టలుకు వచ్చారు. ప్రాక్టికల్ రికార్డు రాయాల్సి ఉందని చెప్పి సాయంత్రం బస్సుకే ఎక్కించేశాను. ఉండిపొమ్మని అననైనా అనలేదు. నేను అబద్ధమాడలేదు, రికార్డు నిజంగానే ఉంది. టోక్యోలో ఆ డాక్టరు కొడుక్కీ నిజంగానే రోగి ఉన్నాడు. ఓజు సినిమా చూసినప్పటినుంచీ నాకు ఆ బస్సు కిటికీయే గుర్తొస్తోంది. ఈసారి నాన్న వస్తే రికార్డు మర్నాడు రాసుకుందామని మాత్రం గట్టిగా అనుకున్నాను.