జె.బి.ఎస్. హాల్డేన్

జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్ (నవంబరు 5, 1892 - డిసెంబరు 1, 1964) ఇంగ్లాండులో జన్మించి భారత పౌరసత్వం స్వీకరించిన సుప్రసిద్ధ జీవశాస్త్రవేత్త. జనాభా జన్యుశాస్త్రానికి గణితపు పునాదులు వేసిన ముగ్గురిలో ఒకడుగా ఈయన పేరు పాఠ్యగ్రంథాలలో కనిపిస్తుంది. నీటి అడుగున మనిషి ఏ వాయువును, ఎంత పీడనంలో, ఎంతసేపు పీల్చి బ్రతకగలడో తన దేహం మీదనే పరీక్షించి తెలుసుకున్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. ఈయన భౌతికకాయం కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు చేరింది.

బాల్యం

హాల్డేన్ ఆక్స్‌ఫర్డులో జన్మించాడు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియను పరిశోధించిన శరీరధర్మ శాస్త్రవేత్త. గనులలోని విషవాయువులను పరీక్షింపబోయేటప్పుడు ఆయన కుమారుని కూడా వెంట తీసుకొని వెళ్ళేవాడు. 1906లో బ్రిటిషు నౌకాదళం కోసం స్కాట్లాండు తీరంలో తండ్రి జరిపిన పరీక్షలలో పదమూడేళ్ళ ఈ బాలుడూ నీటిలోకి దిగాడు. పెద్దల కొలతకు కుట్టిన దుస్తులు వదులై లోపలికి నీరు చేరింది. ఆ పరీక్షల ఫలితంగా 1908లో వెలువడిన పట్టికలు, గజఈతగాళ్ళు లోతు నుండి దశలవారీగా పైకి రావలసిన పద్ధతిని నిర్దేశించాయి.

థెటిస్ దుర్ఘటన, పీడన ప్రయోగాలు

మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడుగా పనిచేసిన తరువాత ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి, లండను విశ్వవిద్యాలయాలలో బోధించాడు. 1932లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు.

1939 జూన్ 1న లివర్‌పూల్ అఖాతంలో థెటిస్ అను జలాంతర్గామి పరీక్షాయాత్రలోనే మునిగిపోయింది. అందులోని 103 మందిలో నలుగురే బయటపడ్డారు. చనిపోయినవారిలో అధికులను బలిగొన్నది, తామే విడిచిన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు. మృతులలో కార్మికులు కూడా ఉన్నందున కార్మిక సంఘాలు హాల్డేన్ సహాయం కోరాయి. స్పెయిన్ అంతర్యుద్ధంలో పోరాడి వచ్చిన నలుగురు వాలంటీర్లతో కలిసి ఈయన మూసిన ఉక్కుగదిలో పద్నాలుగున్నర గంటలు గడిపి, ఆ వాయువు పెరిగేకొద్దీ దేహానికి ఏమగునో నమోదు చేశాడు.

యుద్ధకాలంలో నౌకాదళం కోరికపై ఈ పని కొనసాగింది. లోతున గాలిలోని నత్రజని మత్తు కలిగిస్తుంది. స్వచ్ఛమైన ఆక్సిజన్ మూర్ఛ తెప్పిస్తుంది. అటువంటి మూర్ఛలో హాల్డేన్ వెన్నుపూసలు దెబ్బతిన్నాయి, ఆ నొప్పి జీవితాంతం వేధించింది. తరువాత ఈయన భార్య అయిన హెలెన్ స్పర్వే కూడా ఈ ప్రయోగాలలో మూర్ఛకు లోనైంది. వాసన, రుచి లేనిదని అందరూ చదువుకొనే ఆక్సిజన్‌కు అధిక పీడనంలో పులుపూ తీపీ కలిసిన రుచి ఉంటుందని 1941లో ఈయన తన సహచరునితో కలిసి ప్రకటించాడు.

నోరెండిపోవడం అనే సమస్య

హాల్డేన్ కాలానికి ప్రాణాపాయమే ముఖ్య సమస్య. స్కూబా పరికరాలు వినోదానికి కూడా వాడుకలోకి వచ్చాక నోరు, గొంతు ఎండిపోవడం వంటి చిన్న ఇబ్బందులు పట్టించుకొనే తీరిక కలిగింది. సిలిండరులో నింపే గాలి నుండి తేమను దాదాపు పూర్తిగా తొలగిస్తారు. తేమ మిగిలితే లోపల తుప్పు పడుతుంది. చల్లని నీటిలో రెగ్యులేటరు గడ్డకట్టవచ్చు. ఈతగాడు నోటితోనే పీల్చుతాడు గనుక గాలికి తడినిచ్చే ముక్కు పని నోటిమీద, గొంతుమీద పడుతుంది. దేహపు వేడిమి వద్ద లీటరు గాలిని పూర్తిగా తడపడానికి సుమారు 44 మిల్లీగ్రాముల నీరు కావాలి. నిమిషానికి 20 లీటర్లు పీల్చేవాడు గంటలో 50 గ్రాముల వరకు నీటిని ఈ విధంగా కోల్పోతాడు.

దీనికై కొందరు నోటిలో పట్టుకొనే భాగానికి, రెగ్యులేటరుకు మధ్య ఒక చిన్న డబ్బీ అమర్చుకుంటారు. విడిచిన ఊపిరిలోని తేమ అందులోని లోహపు రేకులపై లేక స్పంజిపై నిలిచి, తరువాత పీల్చే పొడిగాలిని తడుపుతుంది. ఆసుపత్రిలో శ్వాసనాళంలో గొట్టం అమర్చిన రోగులకు వాడే సాధనం కూడా ఇదే సూత్రంతో పనిచేస్తుంది. తడి నిలిచేచోట సూక్ష్మజీవులు పెరుగుతాయి గనుక డబ్బీని కడిగి ఆరబెట్టుకోవాలి. విడిచిన ఊపిరినే శుద్ధిచేసి తిరిగి అందించే మూసిన పరికరాలలో ఈ బాధ తక్కువ. సోడాలైము బొగ్గుపులుసు వాయువును గ్రహించేటప్పుడు వేడిమి, నీరు కూడా పుడతాయి. యుద్ధకాలపు ఆక్సిజన్ పరికరాలు ఈ మూసిన తరగతివే. అక్కడ నోటికి తడి ఉన్నది, కాని ప్రాణానికి భరోసా లేదు.

భారతదేశంలో

1957లో హాల్డేన్ దంపతులు భారతదేశానికి వచ్చారు. కలకత్తాలోని భారత గణాంక సంస్థలో పనిచేసి, 1961లో రాజీనామా చేసి, 1962లో భువనేశ్వరంలో జన్యుశాస్త్ర ప్రయోగశాల స్థాపించాడు. పిఠాపురంలో జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావు ఈయన శిష్యుడు. మేనరికాలు, మేనమామ వివాహాలు ఆంధ్రప్రదేశ్‌లో ఎంత తరచుగా జరుగుతున్నవో, వాటి ఫలితాలేమిటో పరిశీలించిన వ్యాసం 1963లో ద్రోణంరాజు, మీరాఖాన్‌ల పేరిట వెలువడింది.

మరణం

పెద్దప్రేగు క్యాన్సరు సోకిందని తెలిసినప్పుడు దానిమీదనే హాస్యకవిత వ్రాశాడు. 1964 డిసెంబరు 1న భువనేశ్వరంలో మరణించాడు. జీవించినంతకాలం పరిశోధనకు వాడిన దేహాన్ని వైద్యవిద్యకు ఇవ్వవలెనని, దానిని శీతలంగా భద్రపరచే ఖర్చును తన ఆస్తి నుండి మొట్టమొదట చెల్లించవలెనని వీలునామాలో కోరాడు. ఆ ప్రకారం దేహాన్ని కాకినాడకు తరలించారు. అస్థిపంజరాన్ని రంగరాయ వైద్య కళాశాల ప్రదర్శనశాలలో భద్రపరచారు. హెలెన్ స్పర్వే తరువాత హైదరాబాదులో నివసించి 1978లో మరణించింది.