ఊపిరి అందని పిల్లవాడు

పిల్లలూ, టెడ్డీ బేర్ బొమ్మ తెలియనివాళ్ళు మీలో ఎవరూ ఉండరు. బదిలీ వచ్చి సామానంతా లారీకెక్కించినా, ఆ బొమ్మను మాత్రం చేతిలోనే పట్టుకుని రైలెక్కే చిన్నారులను మేము చాలామందిని చూశాం. ఆ బొమ్మకు ఆ పేరు రావడానికి కారణం అమెరికా అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్ట్. 1902లో వేటకు వెళ్ళినప్పుడు, చెట్టుకు కట్టేసిన ఎలుగుబంటిని కాల్చడానికి ఆయన ఒప్పుకోలేదు. ఆ సంగతి దేశమంతా పాకి, ఆయన ముద్దుపేరు ఎలుగుబంటి బొమ్మకు అంటుకుంది. గుర్రపుస్వారీకీ, కొండలెక్కడానికీ పేరుపడ్డ ఈ మనిషి చిన్నతనంలో ఊపిరి కోసం అల్లాడిన పిల్లవాడు. ఈసారి ఆయన కథ చెప్పుకుందాం.

రూజ్‌వెల్ట్ 1858 అక్టోబరు 27న న్యూయార్క్‌లో పుట్టారు. ఇంట్లో టీడీ అని పిలిచేవారు. మనమూ కాసేపు అలాగే పిలుద్దాం. టీడీకి పసితనం నుంచే ఉబ్బసం, అంటే ఆస్తమా. అర్ధరాత్రి ఆయాసం వచ్చి, పడుకోలేక లేచి కూర్చునేవాడు. నాన్నగారు వాణ్ణి ఎత్తుకుని గదిలో అటూ ఇటూ తిరిగేవారు. ఒక్కోసారి గుర్రపుబండి కట్టించి, చల్లగాలి తగులుతుందని చీకట్లో వీధుల వెంట తిప్పేవారు. అప్పటికి ఇన్‌హేలర్ లేదు. చిక్కటి కాఫీ తాగించేవారు, చుట్ట కూడా కాల్పించేవారు! కాఫీకి ఊపిరి గొట్టాలను కొద్దిగా తెరిచే గుణం ఉంది కానీ, పొగ మాత్రం ఆ జబ్బుకు శత్రువే. ఆనాటి వైద్యానికి అంతకన్నా తెలియదు.

టీడీకి పన్నెండేళ్ళ వయసులో నాన్నగారు కూర్చోబెట్టి మాట్లాడారు. తెలివి ఉన్నా, దానికి తోడుగా శరీరాన్ని కూడా తానే తయారు చేసుకోవాలని నచ్చజెప్పారు. ఇంట్లోనే కసరత్తు సామాను పెట్టించారు. టీడీ రోజూ కసరత్తు చేశాడు. ఒకసారి ఆయాసం తగ్గడానికని మెయిన్ రాష్ట్రంలోని ఒక సరస్సుకు ఒంటరిగా పంపితే, బండిలో ఇద్దరు అబ్బాయిలు ఏడిపించారు. తిరగబడితే చేతకాలేదు. ఇంటికొచ్చి బాక్సింగ్ నేర్చుకున్నాడు.

తరువాత హార్వర్డ్‌లో చదివారు. 1881లో ఆల్ప్స్‌లోని మాటర్‌హార్న్ శిఖరం ఎక్కారు. 1884 ఫిబ్రవరి 14న తల్లినీ భార్యనూ ఒకే రోజున పోగొట్టుకుని, పడమటి మైదానాల్లో పశువులను కాస్తూ దుఃఖాన్ని దిగమింగారు. 1901లో, నలభై రెండేళ్ళకే అధ్యక్షులయ్యారు. అడవులనూ జంతువులనూ కాపాడే చట్టాలు తెచ్చారు. రష్యా, జపాన్‌ల మధ్య యుద్ధం ఆపించినందుకు 1906లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నారు. 1919 జనవరి 6న నిద్రలోనే కన్నుమూశారు.

ఈ కథను చాలామంది పట్టుదలతో ఉబ్బసాన్ని ఓడించిన కథగా చెబుతారు. మాకు అది సగమే నిజమనిపిస్తుంది. పెద్దయ్యాక కూడా ఆయాసం ఆయనను పూర్తిగా వదల్లేదు. టీడీ వెనుక రాత్రంతా మేలుకున్న తండ్రి ఉన్నాడు. వాడికి ఊపిరి అందడం లేదంటే ఆ ఇంట్లో నమ్మారు. అది చాలా పెద్ద సంగతి.

ఎందుకంటే మేమే ఒకసారి నమ్మలేదు. బాగా చలి ఉండే ఊళ్ళో పని చేస్తున్నప్పుడు, కొత్తగా చేరిన ఒక అమ్మాయి పరుగులో సగం దూరానికే ఆగి దగ్గేది. ఆటల పీరియడ్ తప్పించుకోవడానికి సాకు చెబుతోందనుకున్నాం. ఇన్‌హేలర్‌ను సంచి అడుగున దాచుకుందని తరువాత తెలిసింది. కొత్త బడిలో నవ్వుతారేమోనని భయమట. ఆ రోజు మాకు కలిగిన సిగ్గు ఇంకా పోలేదు.

టీడీకి ఆయాసం ఎక్కువగా రాత్రిళ్ళు వచ్చేది. కొందరికి ఆడినప్పుడే వస్తుంది. మామూలుగా ముక్కు గాలిని వెచ్చజేసి, తడి చేసి లోపలికి పంపుతుంది. వేగంగా పరుగెత్తేటప్పుడు నోటితో గాలి పీలుస్తాం. చల్లటి పొడిగాలి నేరుగా లోపలికి వెళ్ళి గొట్టాల తడి ఆరిపోతుంది. వాటి చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. పరుగు మొదలైన కొద్ది నిమిషాలకో, ఆపిన అయిదు పది నిమిషాలకో దగ్గు, పిల్లికూతలు, ఛాతీ బిగపట్టినట్టు ఉండటం మొదలవుతాయి.

దీనికి ఆటలు మానేయక్కరలేదు. డాక్టరుకు చూపించాలి. అవసరమైతే ఆటకు పది పదిహేను నిమిషాల ముందు ఇన్‌హేలర్ వాడమంటారు. చెప్పినట్టే వాడాలి. ఒకేసారి పరుగందుకోకుండా పదిహేను నిమిషాలు మెల్లగా వార్మప్ చేయాలి. చలికాలంలో ముక్కు, నోటి మీదుగా మఫ్లర్ చుట్టుకోవాలి. దుమ్ము, పొగ ఉన్న రోజున, జలుబు చేసిన రోజున తగ్గించి ఆడాలి. ఆయాసం వస్తే ఆట ఆపి, నిటారుగా కూర్చుని, ఇన్‌హేలర్ వాడి, పక్కవాళ్ళకు చెప్పాలి. తగ్గకపోయినా, మాట్లాడలేనంతగా ఉన్నా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

మన పిల్లలకు ఇంకొక మాట. ఊరు మారినప్పుడల్లా గాలి మారుతుంది, మాస్టార్లు మారతారు. పాత బడిలో అందరికీ తెలిసిన సంగతి కొత్త బడిలో ఎవరికీ తెలియదు. టి.సి.తోపాటు డాక్టరు చీటీ కూడా ఫైల్లో పెట్టుకోండి. చేరిన మొదటి రోజే క్లాస్ టీచరుకూ, ఆటల సారుకూ అమ్మానాన్నల చేత చెప్పించండి. ఇన్‌హేలర్‌ను సంచి పై అరలో పెట్టుకోండి. కళ్ళజోడు పెట్టుకోవడానికి సిగ్గుపడతామా? ఇదీ అంతే.

మిగిలినవాళ్ళకూ ఒక పని ఉంది. మీ పక్కన పరుగెత్తే కొత్త స్నేహితుడు ఆగిపోతే నవ్వకండి. ఆగి, పక్కన నిలబడి, సారును పిలవండి.