ఆట ఆమెది... డబ్బెవరిది?

2012లో సానియా మీర్జా, మహేష్ భూపతితో కలిసి ఫ్రెంచ్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిస్తే మన హైదరాబాద్ అమ్మాయని అందరం మురిసిపోయాం. పారిస్‌లో జరిగే ఆ పోటీల్లో ఆడవాళ్ల సింగిల్స్ గెలిచినవారికిచ్చే కప్పుకి ఒక స్త్రీ పేరు పెట్టారు. ఆవిడే సుజాన్ లెంగ్లెన్. టీవీలో ఆ కప్పు చూసినప్పుడల్లా నాకు ఆవిడ కథే గుర్తొస్తుంది.

ముందు ఆ నేల సంగతి చెప్పాలి. మా తాడేపల్లిగూడెం నుంచి ఉత్తరాన మెట్టకి వెడితే ఎర్రనేల. ఏలూరు దాటి కొల్లేటివైపు దిగితే నల్లమట్టి. పారిస్ కోర్టుది ఈ రెండూ కాదు. సున్నపురాతి పొర మీద పల్చగా చల్లిన ఇటుకపొడి. మన అమ్మమ్మలు ఇత్తడి బిందెలు తోమిన ఇటుకపొడిలాంటిదే! దానిమీద పడ్డ బంతి వేగం తగ్గి ఎత్తుకి లేస్తుంది. ఒక్క దెబ్బతో పని తెమలదు. ఓపికున్నవాళ్లదే గెలుపు.

సుజాన్ 1899 మే 24న పారిస్‌లో పుట్టింది. చిన్నప్పుడు ఉబ్బసంతో బాధపడుతుంటే, ఒళ్లు గట్టిపడుతుందని 1910లో తండ్రి రాకెట్ కొనిచ్చాడు. ఆయనే గురువు కూడా. కోర్టులో చేతిరుమాలు పరిచి బంతి సరిగ్గా దానిమీదే వెయ్యమనేవాడట. తప్పితే నలుగురిలోనూ కేకలే. పదిహేనేళ్లకే, 1914లో, పారిస్ పక్కన సెయింట్ క్లౌడ్ మట్టికోర్టుల్లో ప్రపంచ పోటీ గెలిచింది. అంతలో యుద్ధం ముంచుకొచ్చింది.

1919లో వింబుల్డన్ వెళ్లింది. అప్పటి ఆడవాళ్లు నడుం బిగించే కోర్సెట్లు, పాదాలదాకా లంగాలు వేసుకుని ఆడేవారు. ఈ పిల్లేమో కోర్సెట్ తీసేసి, పొట్టి చేతుల జాకెట్టు, పిక్కలదాకా గౌనుతో దిగింది. చూసినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. మన ఊళ్లల్లో మొదటిసారి పంజాబీ డ్రెస్ వేసుకుని సైకిలెక్కిన అమ్మాయిని ఎలా చూశారో మనకి తెలియనిదా! ఫైనల్లో రెండుసార్లు ఓటమి అంచుదాకా వెళ్లి, ఏడుసార్లు ఛాంపియనైన లాంబర్ట్ ఛాంబర్స్‌ని ఓడించింది. ఆ గెలుపుతో కలిపి ఆరు వింబుల్డన్ సింగిల్స్ టైటిళ్లు, ఆరు ఫ్రెంచ్ సింగిల్స్ టైటిళ్లు, 1920 ఒలింపిక్స్‌లో రెండు బంగారు పతకాలు ఆమెవయ్యాయి.

మరి డబ్బో? అప్పట్లో ఆటకి కూలి పుచ్చుకోకూడదు. ఆమెని చూడ్డానికి జనం టిక్కెట్లు కొని ఎగబడితే ఆ సొమ్ము క్లబ్బులకి పోయేది. మన నరసాపురం వైపు లేసు అల్లే ఆడవాళ్ల సంగతి గుర్తు చేసుకోండి. సరుకు ఓడలెక్కి విదేశాలకి పోయింది. వాళ్లది మాత్రం కాలక్షేపం కిందే లెక్కగట్టారు. సుజాన్ ఆ అన్యాయాన్ని పైకే అడిగింది. 1926లో డబ్బు తీసుకుని అమెరికాలో ఆడటానికి ఒప్పందం రాసుకుంది. అంతే! తనకి పేరు తెచ్చిన పోటీలన్నింటి తలుపులూ మూసుకున్నాయి. అప్పటికి ఆమె వయసు 27. రెండేళ్లకి, 1928లో, పారిస్‌లో రోలాండ్ గారోస్ స్టేడియం కట్టారు. ఫ్రెంచ్ పోటీలు అక్కడికి మారాయి. వాటిలో ఆమెకి చోటు లేదు.

ఆ తర్వాత పారిస్‌లో పిల్లలకి టెన్నిస్ నేర్పింది. 1938 జూలై 4న రక్తహీనత జబ్బుతో 39 ఏళ్లకే కన్నుమూసింది.

మరో ముప్ఫై ఏళ్లకి, 1968లో, ఫ్రెంచ్ పోటీలు డబ్బు తీసుకుని ఆడేవారికి కూడా తలుపులు తెరిచాయి. 1994లో కట్టిన పెద్ద కోర్టుకి తర్వాత ఆమె పేరే పెట్టారు. 2007 నుంచి ఆ పోటీల్లో ఆడవాళ్లకీ మగవాళ్లకీ బహుమతి సొమ్ము సమానం.

పేరు పెట్టడం మంచిదే. బతికున్నప్పుడు ఆవిడ అడిగింది మాత్రం పేరు కాదు, తన కష్టానికి ఫలితం. కుట్టుపనైనా, ట్యూషనైనా, అప్పడాలు ఒత్తడమైనా చేసినదానికి డబ్బడగడానికి నోరు రాక మొహమాటపడే మనం, ఈవిడని ఒక్కసారి తలుచుకుంటే మంచిదేమో!