పాదములను కాపాడిన వైద్యుడు

దేహభారము నంతటిని మోయుచు, ఎండలోను, రాళ్లలోను మనుజుని నడిపించునవి పాదములు. అయినను ముఖమునకు జరుగు సేవ వానికి జరుగదు. అరికాలిలో ముల్లు గ్రుచ్చుకొన్ననాడు తప్ప వానిని తలచువారు అరుదు. ముల్లు గ్రుచ్చుకొన్నను నొప్పి తెలియనివారు మధుమేహ రోగులలో పెక్కుమంది కలరు. అట్టివారికి తమ పాదములను తామే కాపాడుకొను విద్యను నేర్పిన మహావైద్యుడు ఇలియట్ జాస్లిన్.

జాస్లిన్ 1869వ సంవత్సరము జూన్ 6వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలోని మెసాచుసెట్స్ రాష్ట్రమున, ఆక్స్‌ఫర్డ్ అను చిన్న ఊరిలో జన్మించెను. తండ్రి పాదరక్షల కర్మాగారమును నడిపినవాడు. తండ్రి ప్రజల పాదములకు జోళ్లు చేయించెను; కుమారుడు ఆ పాదములనే కాపాడెను. జాస్లిన్ 1890లో యేల్ కళాశాలలో పట్టభద్రుడయ్యెను. 1895లో హార్వర్డ్ విద్యాలయమున వైద్యపట్టమును పొంది, 1898లో బోస్టన్ నగరమున వైద్యవృత్తిని ప్రారంభించెను.

మనము తినిన ఆహారము చక్కెరగా మారి నెత్తురులో చేరును. ఆ చక్కెరను శరీరము వినియోగించుకొనుటకు క్లోమమునుండి పుట్టు ఇన్సులిన్ ఆవశ్యకము. అది చాలనప్పుడు గాని, సరిగా పనిచేయనప్పుడు గాని నెత్తురులో చక్కెర పెరుగును. అదియే మధుమేహము. జాస్లిన్ యౌవనమున ఈ వ్యాధికి మందు లేదు. ఆయన తల్లికే ఈ వ్యాధి సోకెను. కుమారుడు విధించిన ఆహార నియమములను ఆమె శ్రద్ధతో పాటించి, పెక్కు సంవత్సరములు జీవించెను. రోగి తన రోగమును తెలిసికొని నడచుకొన్నచో ఆయుస్సు పెరుగునని జాస్లిన్ తన ఇంటనే గ్రహించెను. ప్రతి రోగి చరిత్రను గ్రంథములలో వ్రాసి భద్రపరచుచు వచ్చెను. 1918లో రోగులు స్వయముగా చదువుకొనదగిన మధుమేహ గ్రంథమును ప్రకటించెను.

1921లో కెనడా దేశమందలి టొరంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అను పరిశోధకులు ఇన్సులిన్‌ను వెలికితీసిరి. మరుసటి సంవత్సరము ఆగస్టు మాసమున జాస్లిన్ తన రోగులకు దానిని వాడ నారంభించెను. చావునకు సిద్ధమైన బాలబాలికలు లేచి తిరుగాడిరి. లోకము మధుమేహము జయింపబడెనని సంతసించెను.

కాని జాస్లిన్ అంతటితో తృప్తి నొందలేదు. ఇన్సులిన్ వలన రోగులు చిరకాలము జీవించుచుండగా, మరియొక ఆపద బయలుపడెను. కొందరి పాదములు కుళ్లి, కాలు తీసివేయవలసి వచ్చుచుండెను, కొందరు మరణించుచుండిరి. చక్కెర చిరకాలము అధికముగా నున్నచో పాదముల నరములు మొద్దుబారును, రక్తనాళములు సన్నబడును. అప్పుడు జోడు ఒరసి బొబ్బ లేచినను, వేడినీట కాలు కాలినను రోగికి తెలియదు. తెలియని గాయమునకు చికిత్స జరుగదు. నెత్తురు చాలినంత రానందున అది మానదు. చీము పట్టి ఎముక వరకు పోవును.

ఈ కీడు దైవికము కాదనియు, శ్రద్ధ వహించినచో చాలవరకు తప్పించుకొనవచ్చుననియు జాస్లిన్ 1934లో ఒక వ్యాసమున చాటెను. బోస్టన్‌లోని డీకొనెస్ ఆసుపత్రియందు వైద్యులను, శస్త్రవైద్యులను, నర్సులను, పాదచికిత్స నెరిగినవారిని ఒక్కచోట చేర్చి రోగుల పాదములను కాపాడ పూనుకొనెను. రోగులను విద్యార్థులవలె కూర్చుండబెట్టి పాఠములు చెప్పించెను. ఆహారము, ఇన్సులిన్, వ్యాయామము అను మూడు గుర్రములు పూన్చిన రథముతో రోగి జీవితమును పోల్చి, పగ్గములు రోగి చేతిలోనే యున్నవని బోధించెను.

జాస్లిన్ 1962వ సంవత్సరము జనవరి 28వ తేదీన, 92 సంవత్సరముల వయస్సున స్వర్గస్థుడయ్యెను. బోస్టన్‌లో ఆయన పేరిట వెలసిన వైద్యకేంద్రము ఆ సేవకు స్మారకముగా నిలిచెను.

ఆయన మార్గమున నేటి వైద్యులు చెప్పు నియమములు మిక్కిలి సులభములు. మధుమేహము కలవారు ప్రతిదినము పాదములను కడిగి, వేళ్ల సందులను తడి లేకుండ తుడువవలెను. అరికాళ్లను దీపపు వెలుగున పరీక్షింపవలెను. వట్టికాళ్లతో నడువరాదు. జోడు తొడుగుటకు ముందు లోపల చేయి పెట్టి రాళ్లు, మేకులు లేవని చూచుకొనవలెను. గోళ్లను మూలలు లోతుగా తీయక, అడ్డముగా సరిగా కత్తిరింపవలెను. ఆనెకాయలను స్వయముగా బ్లేడుతో కోయరాదు. పుండు చిన్నదైనను, నొప్పి లేకున్నను వెంటనే వైద్యునికి చూపవలెను.

వృద్ధులు వంగి తమ అరికాళ్లను చూచుకొనలేరు. వారి కన్నులును మసకబారి యుండవచ్చును. ఇంటిలోని బాలుడో బాలికయో దినమున కొక్కసారి తాతగారి పాదములను, అమ్మమ్మగారి పాదములను పరిశీలించినచో ఒక కాలు నిలువవచ్చును, ఒక ప్రాణము దక్కవచ్చును. పెద్దల పాదములను తాకి నమస్కరించుట మన సంప్రదాయము. నమస్కరించిన పాదములను శ్రద్ధతో పరికించి చూచుట ఆ భక్తికి సార్థక్యము.